పసిబిడ్డలతో ఆర్లండో యాత్ర



అమెరికాలోని డల్లాసు నగరమునుండి యొక సోదరి వ్రాసిన జాబునకు ఈ మాసమున బదులు చెప్పదలచితిమి. ఆమె అత్తమామలు గుంటూరు ప్రాంతమునుండి ఆఱు మాసములుండుటకై వచ్చియున్నారు. ఆమెకు అయిదేండ్ల కూతురును, రెండేండ్లు నిండిన కుమారుడును గలరు. న్యూజెర్సీలోనున్న మఱిది కుటుంబమును వచ్చి కలియును. వారికి నాలుగేండ్ల పిల్లవాడు. అందఱును గలిసి ఎనిమిది దినములు ఫ్లారిడా రాష్ట్రమందలి ఆర్లండోకు బోయి, అచ్చటి వాల్టు డిస్నీ వరల్డు అను వినోదవనములను జూడవలెనని మగవారు నిశ్చయించిరి. "పిల్లలు మఱీ చిన్నవారు, వారికిది జ్ఞాపకమైన నుండునా? అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఇంత సొమ్ము వ్యయపఱచి పోవుట యుక్తమేనా? పోయినచో ఆ ఎనిమిది దినములును నాకు సంచి మోయుటతోను, పిల్లవాని బండి త్రోయుటతోను సరిపోవునేమో" అని యామె వ్రాసినది.

ఇది మన ఇంటికి సంబంధింపని జాబని మన దేశమందలి సోదరీమణులు పుట త్రిప్పవలదు. ఏటేట ఎందఱో తల్లులును, అత్తలును బిడ్డలను జూచుటకై సముద్రములు దాటి పోవుచున్నారు. హైదరాబాదు చేరువనున్న రామోజీ ఫిల్ము సిటీకి పసివాండ్రతో పోవువారికిని ఇందలి మాటలు కొన్ని పనికివచ్చును.

మా అభిప్రాయము పోవచ్చుననియే. కాని ఎనిమిది దినములును తెల్లవాఱినది మొదలు రాత్రి పొద్దుపోవువఱకు తిరుగుదమను సంకల్పముతో పోవునట్లైన పోకుండుటయే మేలు. ఆ యింటిలో అందఱికన్న చిన్నవాడు ఎప్పుడు నిద్రపోవునో దానినిబట్టి యాత్ర నడువవలెను. తక్కిన యేర్పాటులన్నియు దాని వెనుకనే.

ముందుగా ఆ స్థల మెట్టిదో తెలిసికొందము. పేరు విన్నవారు అదియొక తోట యనుకొందురు. అది పట్టణమంత స్థలము. వైశాల్యము సుమారు 40 చదరపు మైళ్లు. అందు నాలుగు పెద్ద వనములు కలవు. 1971 అక్టోబరు 1వ తేదీన తెఱచిన మేజిక్ కింగ్‌డమ్ మొదటిది. 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలుచునది, 1998లో ఏనిమల్ కింగ్‌డమ్ వెలసినవి. ఒకదానినుండి మఱియొకదానికి పోవుటకు సాధారణముగా బస్సో కారో యెక్కవలసినదే. సొంత కారులో మేజిక్ కింగ్‌డమ్‌నకు పోవువారు కారు నిలిపినచోటనుండి తిన్నగా ద్వారము చేరలేరు. నడుమ నొక సరస్సున్నది. పడవలోనో, మోనోరెయిలులోనో ఆవలికి పోవలెను. బసలో పిల్లలకు చెప్పులు తొడిగినది మొదలు లోపల అడుగుపెట్టువఱకు గంట పట్టినను వింత లేదు. తిరిగి వచ్చుటకును అంతే. "మధ్యాహ్నము బసకు వచ్చి కొంచెము పండుకొని మఱల పోవుదము" అను మాటను ఈ లెక్క తెలియనివారే సులువుగా చెప్పుచుందురు.

ఈ వనములను కల్పించిన వాల్టు డిస్నీ ఇద్దఱు కూతుళ్ల తండ్రి. ఆ బిడ్డలను లాస్ ఏంజిలిసులోని గ్రిఫిత్ పార్కునకు దీసికొనిపోయి, వారు రంగులరాట్నమెక్కి తిరుగుచుండగా తాను బల్లపై గూర్చుండి చూచుచుండెడివాడట. పెద్దలును పిల్లలును గలిసి యాడుకొను చోటొకటి యుండవలెనని అప్పుడే తోచినదని ఆయనయే చెప్పియున్నాడు. 1955లో కాలిఫోర్నియాలోని అనహైములో తెఱచిన డిస్నీలాండు ఆ తలంపునకు ఫలము. ఫ్లారిడా వనము సిద్ధము గాకముందే, 1966లో ఆయన మరణించెను. తలంపు మంచిదే. కాని మోకాళ్ల నొప్పులున్న అత్తగారికిని, భుజముపై బిడ్డ నిద్రపోవుచున్న కోడలికిని ఆ బల్లయే కావలెను. ఏ వనమునకు పోయినను నీడగల బల్ల, చల్లని గది ఎక్కడనున్నవో ముందు చూచుకొని, ఆటల సంగతి ఆ తరువాత చూడుడని మేము చెప్పుదుము.

ఇక దినముల లెక్క. అచ్చట టిక్కెట్టు వెల తేదీని బట్టి మాఱును. మూడేండ్లు నిండని బిడ్డకు టిక్కెట్టు లేదు. మూడు మొదలు తొమ్మిదేండ్ల వఱకు పిల్లల టిక్కెట్టు. అది పెద్దలదానికన్న స్వల్పముగా మాత్రమే తక్కువ. పదియేండ్లు వచ్చినచో పెద్దల వెలయే. ఎక్కువ దినములకు గొన్నకొలది దినమొక్కింటికి పడు వెల తగ్గుచుండును. ఇచ్చటనే మన మగవారు చిక్కుకొందురు. "మూడు దినములకు ఇంత, ఆఱు దినములకు మఱికొంచెమే" యని ఆఱింటికిని గొందురు. గొన్న తరువాత "కొంటిమి గదా" యని ఆఱు దినములును పోవుదురు. చౌకగా వచ్చినవని అయిదు కిలోల వంకాయలు గొని, కుళ్లిపోవునను భయమున మూడు పూటలు వంకాయకూరయే వండిన యిల్లాలిని జూచి వీరే నవ్వుదురు!

ఎనిమిది దినములలో రాకపోకలకు రెండు పోవును. మిగిలిన ఆఱింటిలో మూడు దినములు వనములకు చాలును. అదియు ఒకటి విడిచి యొకటి. టిక్కెట్టును ఎన్నాళ్లలోపల వాడుకొనవలెనో గొనుటకు ముందే చూచుకొనవలెను. నడిమి దినములందు పిల్లలు ఆలస్యముగా లేచి, బసలోని నీటికొలనులో ఆడి, పెద్దలతో కథలు చెప్పించుకొని నిద్రపోదురు. ఇందుకు మగవారు "బసలో గూర్చుండుటకా ఇంతదూరము వచ్చితిమి?" అందురు. అనుదురు గాక.

కాలము విషయమున రెండు మాటలు. క్రిస్మసు వారము, థాంక్స్‌గివింగు వారము, వసంతకాలపు బడిసెలవులు తప్పించినచో సమ్మర్దము తగ్గును. పిల్లలు పెద్ద తరగతులకు రాకముందు బడిదినములలో పోగల వెసులుబాటు కలదు. అది పోయిన పిమ్మట మఱల రాదు. జూను మొదలు సెప్టెంబరు వఱకు అచ్చట ఎండయు, ఉక్కయు మిక్కుటము. బెజవాడ ఎండలో పుట్టి పెరిగిన పెద్దలు "ఇదియొక ఎండయా?" యనవచ్చును. కాని అది విశాఖ తీరపు ఉక్క వంటిది. వంటికి చెమటపట్టి ఆఱదు. ఆ నెలలలో మధ్యాహ్నము దాటగానే తఱచుగా ఉఱుములతో వాన కురియును. మెఱుపులున్నంతసేపు ఆరుబయటి ఆటలు నిలిపివేయుదురు. జనవరిలో వేకువను 10 డిగ్రీల చలియుండు దినములును కలవు. గుంటూరు పెద్దలకు ఉన్నిబట్ట యొకటి కావలసియుండును.

నిద్ర సంగతి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. రెండేండ్ల బిడ్డకు పగటి కునుకుతో గలిపి దినమునకు 11 మొదలు 14 గంటలును, మూడు మొదలు అయిదేండ్ల వారికి 10 మొదలు 13 గంటలును నిద్ర కావలెనని అమెరికా నిద్రావైద్యుల సంఘమువారు 2016లో నిర్ణయించియున్నారు. రాత్రి బాణసంచా వేడుక చూచి, వేలమందితో గలిసి బయటపడి బసకు చేరునప్పటికి పదునొకండు గంటలగును. మఱునాడు ద్వారము తెఱచువేళకు అచ్చట నుండవలెనన్న ఆఱు గంటలకే బిడ్డను లేపవలెను. మిగిలినది ఏడు గంటల నిద్ర. ఆ లోటంతయు మఱునాటి మధ్యాహ్నము సిండ్రెల్లా కోట యెదుట నేలబడి యేడ్చుటగా బయటికి వచ్చును. అప్పుడు తండ్రి "ఇంత ఖర్చుపెట్టి తెచ్చితిమి, ఇంకను ఏడ్చెదవేమి?" యని గదమాయించును. బిడ్డకు డాలరు తెలియదు. ఆ గదమాయింపు బిడ్డకన్న తల్లికే యెక్కువగా తగులును. అందఱిలో ఆమె ముఖము చిన్నబోవును. ఇంతకును ఆ యేడ్పునకు కారణము ముందురాత్రి నిద్ర చెడుట మాత్రమే.

కావున వనమునకు పోవు దినమున ఉదయమే, రద్దీ లేనప్పుడే పోయి, పన్నెండు ఒంటిగంట వఱకు చూచినది చాలును. బస దగ్గఱనున్నచో మధ్యాహ్నము వచ్చి పండుకొని, సాయంకాలము మనసైన పోవచ్చును. దూరమైనచో మఱల పోవు మాట తలపెట్టవలదు. మేజిక్ కింగ్‌డమ్ బాణసంచా సరస్సునకు ఈవలి యొడ్డుననుండియు కనబడును. పసిబిడ్డ చెవులకు అంత దూరమే హితము. ఇన్ని చెప్పినను, ఒక రాత్రి అయిదేండ్ల పిల్లను మాత్రము తండ్రి దీసికొనిపోయి దగ్గఱనుండి చూపి తెచ్చిన తప్పు లేదు. అన్ని వయసులవారిని ఒకే త్రాట గట్టి త్రిప్పుటయే తగని పని.

ఆ ముగ్గురు బిడ్డలలో మఱియొక చిక్కు రాగలదు. కొన్ని యాటలకు ఎత్తు నియమమున్నది. స్పేసు మౌంటెను అను చీకటి బండి యెక్కుటకు 44 అంగుళములు, ఏడుగురు మఱుగుజ్జుల గనిబండికి 38 అంగుళములు ఉండవలెను. అయిదేండ్ల యక్కను ఎక్కనిచ్చి నాలుగేండ్ల తమ్ముని ఆపినచో అచ్చటికచ్చటనే యుద్ధము. పిల్లల మాట యటుంచుడు, "మావాడు చిన్నబోయినాడు" అని తోడికోడలి మనసును నొచ్చును. ఇంటియొద్దనే గోడకు నిలువబెట్టి కొలిచి, ఏది యెక్కగలరో ఏది యెక్కలేరో ముందే చెప్పవలెను. ద్వారమువద్ద కొలకఱ్ఱ చూపువారు అంగుళమైనను వదలరు. వదలకుండుటయే మనకు క్షేమము. డంబో యను ఎగురు ఏనుగులకును, దేశదేశముల బొమ్మలు పాడుచుండగా నావలో మెల్లగా పోవు 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డు'నకును ఎత్తుతో పని లేదు. ఈ నావయాట మొదట 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమునకై నిర్మించిన దానికి తోబుట్టువు. పిల్లలు దీనినే మఱల మఱల ఎక్కుదమందురు. ఎక్కనిండు. ఒకదానిని మూడుసార్లెక్కిన బిడ్డ మూడింటిని చూచిన బిడ్డకన్న నష్టపోయినది లేదు.

పెద్దలు ఎక్కదలచిన ఆటకు బిడ్డ పనికిరానప్పుడు, రైడరు స్విచ్చి యను పద్ధతి కలదు. ఒకరు బిడ్డతో బయట నిలువగా మఱియొకరు పోయివత్తురు. పిమ్మట బయటనున్నవారు పెద్ద వరుసలో మఱల నిలువకయే పోవచ్చును. ఉద్యోగిని ముందుగా అడుగవలెను. ఇది మగవారికే చెప్పిన సదుపాయము కాదని సోదరీమణులు గుర్తుంచుకొందురు గాక!

చీకటి గుహలలోనికి పోవు నావలును, మనిషికన్న పెద్దవైన ఎలుక, బాతు వేషములును కొందఱు బిడ్డలకు దడుపు పుట్టించును. జాతరలో పులివేషమును జూచి తల్లి కొంగున దాగిన బిడ్డవంటివారే వీరును. ఫొటో కొఱకు ఏడ్చుచున్న బిడ్డను ఆ వేషముల ఒడిలోనికి నెట్టుట మేము మెచ్చము. దూరమునుండి చేయి యూపిన చాలును. రెండవనాడు తానే దగ్గఱకు పోయిన పోవును.

ఇక పెద్దల సంగతి. అత్తమామలకు ఏనిమల్ కింగ్‌డమ్ అన్నిటికన్న నచ్చునని మా నమ్మకము. అచ్చట కిలిమంజారో సఫారీ యను పేర 110 ఎకరముల మేర ఆఫ్రికా మైదానమువలె పెంచినారు. గోడలు లేని పెద్ద బండిలో గూర్చుండి జిరాఫీలను, ఏనుగులను, సింహములను చూచుచు పోవచ్చును. ఎత్తు నియమము లేదు. తాతయు, మనుమడును ఒకే బల్లపై కూర్చుందురు. అదే వనములో ఆసియా భాగమున 'ఆనందపుర' మను కల్పిత రాజ్యమొకటి కట్టినారు. పాడుపడిన రాజభవనముల నడుమ పులులు తిరుగుచుండును. విశాఖపట్టణము చేరువనున్న మన ఆనందపురమును ఎఱిగినవారికి ఆ పేరు చూడగానే నవ్వు వచ్చును. ఎప్‌కాట్‌లో సరస్సు చుట్టును పదునొకండు దేశముల వీథులున్నవి. మన దేశమందు లేదు. చుట్టి వచ్చుటకు మైలునకు మించిన నడక.

ఇంత నడకకు అత్తగారి మోకాళ్లు ఓర్వవు. చక్రముల కుర్చీ అచ్చటనే అద్దెకు దొరకును. సంఖ్య పరిమితము గనుక ఉదయమే తీసికొనవలెను. "నేనేమి రోగినా?" యని ఆమె సిగ్గుపడవచ్చును. ఈ మాట కోడలు ఎత్తరాదు. కొడుకు చెప్పవలెను, ఆ కుర్చీని కొడుకే త్రోయవలెను. మనుమని ఒడిలో గూర్చుండబెట్టినచో ఆ సిగ్గు సగము పోవును.

బిడ్డలకు జ్ఞాపకముండునా యని ఆ సోదరి యడిగినది. రెండేండ్ల వానికి ఉండదు. మూడేండ్లకు లోపలి సంగతులు పెద్దయైన పిమ్మట సాధారణముగా ఎవ్వరికిని జ్ఞాపకముండవు. అయిదేండ్ల పిల్లకు తునకలుగా కొన్ని నిలువవచ్చును. కాని మామగారికి ఉండును. మనుమనికి జిరాఫీని చూపిన వైనము గుంటూరు చేరిన పిమ్మట ఆయన పదిమందికి చెప్పుకొనును. ఆఱు మాసములు నిండి విమానమెక్కిన పెద్దలు మఱల ఎప్పుడు వత్తురో, అప్పటికి వారి కాళ్లు ఎట్లుండునో ఎవరు చెప్పగలరు? వ్యయము యుక్తమా యని యోచించునప్పుడు ఈ మాటను గూడ లెక్కలోనికి తీసికొనవలెను.

భోజనమునకు దిగులు లేదు. బయటి తినుబండారములను లోనికి తీసికొనిపోనిత్తురు. గాజుసీసాలను మాత్రము అంగీకరింపరు. ఆవకాయసీసా బసలోనే యుండవలెను. పానీయములమ్ము చిన్న భోజనశాలలలో మంచునీరు అడిగిన ఉచితముగా ఇత్తురు. తిరుమల వరుసలలో పులిహోర పొట్లములతో గంటలు గడిపిన మనవారికి ఈ విద్య క్రొత్త గాదు. అయితే ఆ పులిహోర కలుపుటకు తెల్లవారుజామున నాలుగు గంటలకు కోడళ్లిద్దఱును లేచినచో వారికది వినోదయాత్ర యెట్లగును? పిల్లలకు, పెద్దలకు పెరుగన్నము కట్టి, మిగిలినవారు పూటకొకటి కొని తినుటయే మంచిది. నాలుగు వనములలోను పసిబిడ్డల సంరక్షణశాలలు కలవు. పాలిచ్చుటకు చాటైన గదులు, గుడ్డలు మార్చు బల్లలు, అన్నము వెచ్చచేయు పెట్టెలు అందుండును. బయటి యెండలో అవస్థపడనేల? బండి విషయమున 31 అంగుళముల వెడల్పు, 52 అంగుళముల పొడవు మించరాదను నియమమున్నది.

బిడ్డలు తప్పిపోకుండ ప్రతి యుదయము వారి దుస్తులు కనబడునట్లు ఫోనులో ఫొటో తీయవలెను. ముంజేతిపై తండ్రి ఫోను సంఖ్య వ్రాయవలెను. రొమ్మున పేరుబిళ్ల గల ఉద్యోగులను చూపి, "కనబడకపోతిమా, వీరియొద్దకు పొమ్ము" అని నేర్పవలెను. వీటన్నిటికన్న నీటి భయము పెద్దది. ఒకటి మొదలు నాలుగేండ్ల బిడ్డల మరణములకు ఫ్లారిడాలో మొదటి కారణము నీట మునుగుటయే. బసలోని కొలనుచుట్టు పదిమంది పెద్దలున్నప్పుడే, ఎవరో చూచుచున్నారుగదా యని ఎవ్వరును చూడరు. పేరుపెట్టి ఒకరిని నియమించి, వారి చేతినుండి ఫోను తీసివేయవలెను. సరస్సుల యొడ్డున నీటిలో కాలు పెట్టనీయవలదు. 2016లో అచ్చటి యొక హోటలు తీరమున రెండేండ్ల బిడ్డ మొసలివాత బడి మరణించెను. ఆ పిమ్మట హెచ్చరిక పలకలును, అడ్డుగోడలును నిలిపినారు. వానిని దాటి పోరాదు.

ఇక జాబులోని చివరి మాట. సంచియు, బండియు ఎవరివి? బయలుదేరకముందే భోజనము వేళ అందఱును గూర్చున్నప్పుడు పనులు పంచుకొనవలెను. బండి త్రోయువాడు తండ్రి. టిక్కెట్లు, ఫోనులో వేళలు చూచు పని మఱిది. సంచి ఒక పూట ఒకరిది, మఱియొక పూట మఱియొకరిది. నడిమి దినములలో ఒక పూట అక్కచెల్లెండ్రవంటి ఆ తోడికోడళ్లిద్దఱును పిల్లలు లేకుండ బయటికి పోవలెను. ఆటలకే పోదురో, ఊరక నీడన కూర్చుందురో వారి యిష్టము. ఆ పూట పిల్లలకు అన్నము పెట్టి పండుకొనబెట్టుట అన్నదమ్ముల పని. అత్తగారిపై పడవేయరాదు. పెరుగన్నపు డబ్బా ఏ యరలోనున్నదో, చిన్నవాడు ఏ దుప్పటి లేనిదే నిద్రపోడో ముందురాత్రియే వారికి చూపియుంచిన చాలును.